అల్గోల్‌లో చెప్పిన తీర్పు

జొన్న, కంది పోయి పత్తి వచ్చిన కథ ఎల్లారెడ్డిపేట చుట్టుపక్కల తండాల్లో కొత్తగా చెప్పేదేం కాదు. ఆ విత్తనం మనకు కావాలా వద్దా అని ముందుగా మనల్ని ఎవరూ అడగలేదు. అయితే మనలాంటి వాళ్లను ఒకసారి అడిగారు. ఆ సంగతి మన పిల్లలకు తెలియాలని రాస్తున్నాం.

2001 జూన్ 25 నుంచి జూలై 1 దాకా జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. ఇంగ్లాండులోని రెండు పరిశోధన సంస్థలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇక్కడి జీవవైవిధ్య సంఘాలు కలిసి నడిపాయి. జ్యూరీలో 19 మంది. ఎక్కువగా దళిత, ఆదివాసీ చిన్నరైతులు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. చదువు రానివాళ్లకూ అర్థం కావాలని రాష్ట్ర వ్యవసాయానికి మూడు దారులను వీడియోల్లో చూపించారు. మొదటిది ప్రభుత్వం చెప్పిన 'విజన్ 2020'. వ్యవసాయం మీద బతికేవాళ్లను నూటికి 70 నుంచి 40కి తగ్గించాలన్నది అందులోని మాట. మిగిలిన 30 మంది ఎక్కడికి పోవాలి? సిరిసిల్ల సాంచెల మీదికా, బొంబాయికా?

ప్రభుత్వం వాళ్లు, విత్తన కంపెనీ వాళ్లు, శాస్త్రవేత్తలు వచ్చి సాక్ష్యం చెప్పారు. జ్యూరీ వాళ్లను ఎదురు ప్రశ్నలు వేసింది. కూలి పని తీసేసే యంత్రాలు వద్దంది, కాంట్రాక్టు సేద్యం వద్దంది, జన్యుమార్పిడి పంటలు వద్దంది. విటమిన్-ఎ బియ్యం, బిటి పత్తి కూడా అందులో ఉన్నాయి. తిండి, విత్తనం, మందు మొక్కలు ఊరి చేతిలోనే ఉండాలంది.

ఆ తీర్పు లండన్ దాకా పోయింది. విజన్ 2020కి అండగా డబ్బిస్తున్న బ్రిటన్ ప్రభుత్వ శాఖకు అది నచ్చలేదు. జ్యూరీని ఎంచిన పద్ధతే సరిగా లేదని అభ్యంతరం చెప్పింది. సన్నకారు రైతులు లేకుండా వేసే కమిటీల పద్ధతి గురించి ఇంత పట్టింపు మేం ఎన్నడూ చూడలేదు.

2002 మార్చి 26న ఢిల్లీలో మూడు బిటి పత్తి రకాలకు అనుమతి వచ్చింది. పంట దెబ్బతిన్నదని రైతులు మొత్తుకున్నాక, 2005లో ఆ మూడింటినీ ఆంధ్రప్రదేశ్‌లో ఆపారు. కానీ వేరే బిటి రకాలు వచ్చాయి, పత్తి ఆగలేదు.

2000లో కుదిరిన కార్టజీనా ఒప్పందం 26వ అధికరణం ప్రకారం, ఇలాంటి విత్తనాన్ని దిగుమతి చేసుకునే ముందు మూలవాసుల, స్థానిక సమాజాల బతుకు మీద దాని ప్రభావాన్ని దేశాలు లెక్కలోకి తీసుకోవచ్చు. 'తీసుకోవచ్చు' అనే ఉంది, 'తీసుకోవాలి' అని లేదు. 2012 అక్టోబరులో ఆ ఒప్పంద దేశాలు హైదరాబాద్‌లోనే కూర్చొని, ఈ విషయం తేల్చడానికి ఒక నిపుణుల బృందాన్ని వేశాయి. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు. వాటిలో తెలుగు లేదు, మన గోర్‌బోలి అసలే లేదు.