దక్కన్ మక్క, పెరటి విత్తనం

మక్క అన్నా, మొక్కజొన్న అన్నా మెక్సికోలో సుమారు 9,000 ఏళ్ల క్రితం ఒక అడవిగడ్డి నుండి రూపొందిన పంటే. 1492 తరువాతనే అది సముద్రాలు దాటింది.

మన దేశంలో 1957లో సమన్వయ పరిశోధన మొదలై, 1961లో తొలి సంకర రకాలు వెలువడ్డాయి. వాటిలో ‘దక్కన్’ మన హైదరాబాదుది. మా గోల్నాక పొరుగునున్న అంబర్‌పేటలోనే మక్క పరిశోధన ఏళ్ల తరబడి సాగింది.

సంకర విత్తనం దిగుబడిని పెంచిన మాట నిజం. కాని దాని పంటను మళ్ళీ విత్తితే ఆ గుణం నిలవదు, ఏటేటా కొనవలసిందే. చూరుకు వేలాడే కంకికి విత్తనమనే గౌరవం అలా తగ్గిపోయింది.

అందుకే పెరట్లో నేను నాటు మక్కనే విత్తుతాను. పుప్పొడిని మోసేది గాలి గనుక ఒకే వరుసలో కాక, నాలుగు సాళ్లు దగ్గరగా వేస్తాను. పీచులో ఒక్కో పోగుకు ఒక్కో గింజ. నాలుగైదు మంచి కంకులు ఎండబెట్టి దాచుకుంటే, వచ్చే తొలకరికి విత్తనం ఇంట్లోనే ఉంటుంది.