తుంగభద్రకు ఇరుదరుల : వేషము, రాజచిహ్నము, ప్రజల మనస్సు

1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్రము’న సురవరము ప్రతాపరెడ్డిగారు రాజుల వంశావళులకంటె ప్రజల కూడుగుడ్డలకే పెద్దపీట వేసిరి. ఆ మహనీయుని జన్మసీమ ఆలంపూరు ప్రాంతము. అట్టి సీమలో నిలిచి, తలపాగయు, టోపీయు, అంగీయు ప్రజల రాజకీయాభిప్రాయమును ఎంతవరకు తెలుపగలవో విచారించుట అసంగతము కానేరదు. నిజాము కాలపు ఛాయాచిత్రములను చూచి, షేర్వాణి తొడిగినవారెల్లరు ప్రభుభక్తులనియు, ఖద్దరు కట్టినవారే దేశభక్తులనియు తీర్పుచెప్పుట మనలో కొందరికి అలవాటైనది. ఈ తీర్పు పరీక్షకు నిలుచునా యనునదే ప్రస్తుత విషయము.

ఈ విచారణకు ఆలంపూరు తగిన స్థానము. 1956 వరకు ఇది హైదరాబాదు రాజ్యమున రాయచూరు జిల్లాలోని తాలూకా. పిదప మహబూబ్‌నగర్ జిల్లాలో చేరినది. 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. ఏరు దాటినచో కర్నూలు సీమ. 1839లో అక్కడి నవాబును తొలగించి ఆంగ్లేయులు ఆ రాజ్యమును స్వాధీనము చేసికొనిరి. ఇట్లు ఒకే భాష మాటాడు జనులకు నడుమ నది రాజ్యపు గట్టు అయినది. ఈ దరి ఉస్మానియా సిక్కా, ఆ దరి కలదారు రూపాయి; ఏడు సిక్కాలకు సుమారు ఆరు కలదారులు. ఈ దరి కరోడ్గిరి నాకా. ఇన్ని మారినను రైతు భుజముపై గొంగడి మాత్రము మారలేదు. రాజచిహ్నముల తగవు ప్రధానముగ చదువుకొన్నవారిది, ఉద్యోగులది అను సంగతి మరువరాదు.

ఆంగ్లేయుల పాలనలో తగవు సూటిగా నడచినది. 1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా గుంటూరు జిల్లాలో గాంధీటోపీ ధరింపరాదని అధికారులు ఆజ్ఞాపించిరి. మూరెడు తెల్లగుడ్డకు అంతటి శక్తి కలదని ప్రభుత్వమే చాటిచెప్పినట్లయినది! ఆజ్ఞ లేనిచో అది టోపీ. ఆజ్ఞ వచ్చిన పిదప అది జెండా.

హైదరాబాదులో సంగతి ఇంత సులభము కాదు. దర్బారునకు పోవువాడు హిందువైనను, మహమ్మదీయుడైనను, తలపై దస్తారు, నడుమున బగ్లూసు ధరింపవలసినదే. ఇవి నిస్సందేహముగ ప్రభువునెడ విధేయతకు గుర్తులు. షేర్వాణియో, పట్టణములలోని వకీళ్లు, ఉపాధ్యాయులు, విద్యార్థులు మతభేదము లేక నిత్యము తొడిగిన మర్యాదవస్త్రము. రూమీటోపీ ఈ రెంటి నడుమ నిలిచినది. తుర్కీ దేశము నుండి వచ్చిన ఈ యెఱ్ఱటోపీని ఆ దేశమే 1925లో చట్టముచేత నిషేధించినది. హైదరాబాదులో మాత్రము అది చాలకాలము నిలిచినది. పుట్టినచోట వెలియైన చిహ్నము పరదేశమున గౌరవమందుట చరిత్రలో వింత కాదు.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు నిషేధింపబడినది. ఆ సంవత్సరమే ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతర గీతమును పాడిన విద్యార్థులు బహిష్కృతులైరి. పెక్కురు నాగపురము చేరి చదువు సాగించిరి. వారిలో పి.వి. నరసింహారావుగారు ఒకరు. ఇచట గమనింపదగినది, నాటి తగవు గీతమును గూర్చినది. షేర్వాణిని తగులబెట్టుట ఉద్యమమున ప్రధానాంశము కాలేదు. సీమవస్త్రములను గుట్టలుగా పోసి కాల్చిన కాలమున, తమ ఒంటిపై నున్న ఈ వస్త్రమును హైదరాబాదు దేశభక్తులు పరాయిదిగా తలంపలేదు. 1947 ఆగస్టు 15న మువ్వన్నెల జెండా విషయమున మాత్రము ఇరువైపుల వారును వెనుకంజ వేయలేదు. ఆనాడే స్వామి రామానందతీర్థ నిర్బంధింపబడిరి. కర్నూలులో స్వరాజ్యోత్సవము జరుగుచుండగా, నదికి ఈవలి దరిని అదే జెండా నేరమయ్యెను.

ఇట్టి వివేకము మనకొక్కరికే కలదని యనుకొనరాదు. ఐర్లండున 1884లో స్థాపితమైన గేలిక్ క్రీడాసంఘము, ఆంగ్లేయుల ఆటలను ఆడినవారినే కాక చూచినవారిని గూడ వెలివేయు నియమమును చిరకాలము పాటించి 1971లో విడిచిపెట్టినది. ఉస్మానియాలో వందేమాతరము ప్రతిధ్వనించిన 1938లోనే, ఐర్లండు అధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఫుట్‌బాల్ పోటీని చూచెనని ఆ సంఘము ఆయనను పోషకపదవి నుండి తొలగించినది. ఐరిష్ భాషోద్ధరణకు జీవితమును ధారవోసిన పండితునికి ఈ శిక్ష! నియమము గుడ్డిదైనచో దాని వేటు ఎవరిపై పడునో చెప్పజాలము. నేడు ఆ దేశపు యువకులు మాంచెస్టరు, లివర్‌పూలు జట్ల చొక్కాలను నిస్సంకోచముగ తొడుగుదురు. ఇంగ్లండు జాతీయజట్టు చొక్కాను తొడుగుటకు మాత్రము అనేకులు ఇచ్చగింపరు. డెర్రీ నగరవాసియైన జేమ్స్ మెక్లీన్ ఇంగ్లండులోని జట్లకే ఆడుచు, వాటి చొక్కాలనే ధరించుచు, 2012 నుండి బ్రిటిష్ సైనికుల స్మృతిచిహ్నమైన గసగసాల పూవును మాత్రము ధరింప నిరాకరించెను. 1972 జనవరి 30న ఆ సైనికులే డెర్రీలో పదుమూడుగురిని కాల్చి చంపిరి. చొక్కా వృత్తికి, పూవు జ్ఞాపకమునకు సంబంధించినవి. షేర్వాణికిని దస్తారుకును గల భేదమిట్టిదే.

1948 సెప్టెంబరులో నిజాము స్వతంత్రాధికారము ముగిసినది. బగ్లూసు అదృశ్యమైనది, రూమీటోపీ క్రమముగ అరుదైనది. షేర్వాణి నిలిచినది. మహబూబ్‌నగర్ జిల్లావారే యైన బూర్గుల రామకృష్ణారావుగారు, నిజాము పాలనపై పోరాడిన కాంగ్రెసు నాయకులై 1952లో ముఖ్యమంత్రియైన పిదపను షేర్వాణిని విడువలేదు. రాజప్రముఖునిగా మిగిలిన ఉస్మాన్ అలీఖాన్ ధరించినదియు షేర్వాణియే. ఆ కాలపు చిత్రములలో భుజముల నుండి మోకాళ్ల వరకు చూచి ఎవడు పాలకుడో, ఎవడు ప్రతిపక్షియో నిర్ణయింప సాధ్యము కాదు. చూపును తలపైకి మరల్పవలెను.