మధ్యలో ఆపరాని మందు

మా జార్జి టౌనులో టంకశాల వీధి వెంట దక్షిణంగా నడిచి, పార్కు టౌను వైపు తిరిగితే పావుగంటలో జనరల్ హాస్పిటలూ, దాన్ని ఆనుకుని మదరాసు మెడికల్ కాలేజీ వస్తాయి. ఆ కాలేజీ 1835లో మొదలైంది. ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఏదో ఒక కష్టానికి ఆ గేటు తొక్కని కుటుంబం ఉండదు. నూరేళ్ళ కిందట ఖద్దరు కట్టుకుని ఆ గేటులోంచి చదువుకు వెళ్ళి వచ్చిన ఒక తెలుగు విద్యార్థి గురించీ, తీవ్ర రక్తకేన్సరుకు వైద్యం పుట్టిన తీరు గురించీ ఈ నాలుగు మాటలు. నేను వైద్యుణ్ణి కాను. కామర్సు చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. అయినా ఈ చరిత్ర తెలుసుకోవాలన్న పట్టుదల నాకు చిన్ననాడే కలిగింది.

1980 ప్రాంతంలో మా వీధిలో నా తోటి కుర్రవాడొకడు ఉండేవాడు. ఒళ్ళు పాలిపోయి, చిగుళ్ళ వెంట నెత్తురు కారుతూ, విడవని జ్వరంతో మంచమెక్కాడు. రక్తకేన్సర్ అన్నారు. మందులిచ్చారు. నెల తిరక్కుండానే మొహాన కళ వచ్చింది. మళ్ళీ బడికి వచ్చాడు, మాతో గోలీలు ఆడాడు. జబ్బు పోయిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. తాకట్టు పెట్టడానికి నగలు కూడా మిగలలేదు. మందులు ఆపేశారు. నాలుగు నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి లేవలేదు. తగ్గినట్టు కనిపించిన జబ్బు ఎందుకు మళ్ళీ వచ్చిందో అప్పుడు నాకు చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఎముకల లోపలి మూలుగలో రక్తకణాలు తయారవుతాయి. అక్కడ తెల్లకణాలు పక్వానికి రాకుండానే అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోవటమే తీవ్ర లుకేమియా. పనికిరాని కణాలు చోటంతా ఆక్రమిస్తే మంచి కణాలకు చోటుండదు. అందుకే రక్తహీనత, నెత్తురు కారటం, అంటురోగాలు. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది లింఫాయిడ్ రకం. 1947కు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాలలో, మహా అయితే కొద్ది నెలలలో పోయేవారు. రక్తం ఎక్కించి, దగ్గర కూర్చోవటం తప్ప డాక్టర్లు చేయగలిగింది లేదు.

ఇక మన విద్యార్థి. ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మదరాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోనూ ఖద్దరు తొడిగారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు. మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాక, మదరాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

చదువుకునే రోజుల్లోనే ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు అది. తిన్నది వంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. తరువాత అది ఆయనకూ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందులతో బతికి బయటపడ్డారు. పరిశోధన చేయాలన్న తపనతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ హామీతోనూ మామగారి సాయంతోనూ 1920ల తొలినాళ్ళలో బోస్టను చేరారు. కడుపు నింపుకోవటానికి ఆసుపత్రిలో రాత్రిపూట ఊడిగం చేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. లేబొరేటరీలలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు పడింది దానికే. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పదార్థాలను వెలికితీసిన వారిలోనూ ఆయన ఒకరు. అయినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అసలు కథ అక్కడ మొదలైంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు అంతకు పదేళ్ళ ముందే చూపించింది. 1941లో అమెరికాలో మరికొందరు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అన్నారు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతను అది బాగుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు పాతికేళ్ళ తరువాత ఆయన ప్రయోగశాలలోనే తయారైంది.

రక్తం పట్టించే మందు కదా, రక్తకేన్సరుకు పనికిరాదా అని బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఫోలిక్ ఆమ్లపు రకాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా విజృంభించినట్టు కనిపించింది. ఆయన ఆ చేదు ఫలితాన్ని దాచలేదు, తిరగేసి చూశారు. ఫోలిక్ ఆమ్లం వల్ల చెడ్డ కణాలు బలుస్తుంటే, దాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఎండిపోవా? అలాంటి పదార్థాలు లెడర్లీలో సుబ్బారావు గారి బృందం అప్పటికే తయారుచేస్తున్నది. అందులో ఒకటి అమినోప్టెరిన్. చూడటానికి అచ్చం ఫోలిక్ ఆమ్లమే. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే లాకరు తాళంలో దూరుతుంది గాని తిరగదు, అసలు చెవిని దూరనివ్వదు. దానితో కణం చీలి రెండు కావటం ఆగిపోతుంది.

1947 చివర ఫార్బర్ ఆ మందును పిల్లలకిచ్చారు. 1948 జూన్ 3న వైద్యపత్రికలో అచ్చయిన వ్యాసం ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. మందుతో పిల్లల తీవ్ర లుకేమియా వెనక్కి తగ్గటం లోకం చూడటం అదే తొలిసారి. రెండు నెలలు తిరిగేసరికి, ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

మన సభలలో ఈ కథ ఇక్కడ ఆగిపోతుంది. నోబెల్ రాలేదని నిట్టూర్చి దండ వేసి వస్తాం. నాకు మాత్రం ఆ వ్యాసంలో ముఖ్యమైన మాట 'తాత్కాలికంగా' అన్నది. ఆ పిల్లల జబ్బు తిరగబెట్టింది. మా వీధి కుర్రవాడి కథ కూడా ఇదే. ఆరంభంలో ఒంటినిండా లెక్కకు మిక్కిలిగా ఉన్న చెడ్డ కణాలు మందుకు చచ్చి, భూతద్దానికి కూడా కనపడనంత తక్కువవుతాయి. కాని ఎక్కడో కోట్లలో మిగిలే ఉంటాయి. తగ్గటం వేరు, నయం కావటం వేరు. ఈ రెంటికీ మధ్య దూరం నడవటానికి వైద్యులకు ఇరవై ఏళ్ళు పట్టింది.

అమినోప్టెరిన్ స్థానంలో దాని తోబుట్టువు, కాస్త మెతకదైన మెథోట్రెక్సేట్ వచ్చింది. 1953లో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ చేసిన మెర్కాప్టోప్యూరిన్ వచ్చింది. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఒక్క మందుకు లొంగని జబ్బును నాలుగు మందులు కలిపి కొట్టారు. చెడ్డ కణాలు మెదడు చుట్టూ ఉన్న నీటిలో దాక్కుంటాయని గ్రహించి అక్కడికీ వైద్యం చేశారు. ఆపైన రెండు మూడేళ్ళు విడవకుండా మాత్రలు మింగించారు. 1960ల చివరికి మెంఫిస్‌లోని సెయింట్ జ్యూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ ఇలా చేసి పిల్లలలో సగం మందిని నిలబెట్టారు. సంపన్న దేశాలలో ఇప్పుడు పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు. పెద్దవాళ్ళలో ఫలితాలు ఇంకా అంత బాగా లేవు.

మన ఊరికి ఈ విద్య వచ్చిన తీరూ చెప్పుకోవాలి. సుబ్బారావు గారికంటే ముందు అదే మెడికల్ కాలేజీలో చదివి 1912లో పట్టా పుచ్చుకున్నారు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. చెల్లెలు కేన్సరుతో పోయిన దుఃఖం ఆమెను వదల్లేదు. 1954లో అడయారులో 12 పడకలతో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించారు. ఆమె కుమారుడు కృష్ణమూర్తి గారు, 2021లో కన్నుమూసిన డాక్టర్ శాంత గారు దాన్ని పెంచారు. తోబుట్టువుల చావు చూసిన ఇద్దరు, ఒకే కాలేజీ నుంచి బయలుదేరి, ఒకరు మందు దగ్గరకు, ఒకరు మంచం దగ్గరకు చేరారు.

1980ల నడుమ అమెరికా డాక్టరు ఇయాన్ మెగ్రాత్‌తో కలిసి అడయారు, బొంబాయి టాటా, ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రులు ఎం.సి.పి. 841 అనే ఒకే పద్ధతిని అమలుచేశాయి. మన ఆసుపత్రుల వసతికీ, మన పిల్లల ఒంటికీ తగినట్టు కూర్చిన పద్ధతి అది. అంతకుముందు నూటికి 20 కూడా నిలవని చోట, నాలుగేళ్ళ తరువాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 45 నుంచి 60 దాకా పెరిగారు. మా మిత్రుడికి ఇది కొద్ది ఏళ్ళు ఆలస్యమైంది.

ఈమధ్య రోగి రక్తంలోని రక్షణకణాలనే తీసి, జబ్బును గుర్తుపట్టేలా మార్చి ఎక్కించే కార్-టి వైద్యం వచ్చింది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన ఈ రకం చికిత్సకు, బొంబాయి ఐ.ఐ.టి.లో పుట్టిన మన దేశపు రూపానికి 2023లో అనుమతి లభించింది. గొప్ప విషయమే. అయినా సామాన్యుడి పిల్లకు ఇవాళ్టికీ ప్రాణాధారం వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ మాత్రలూ, రోజూ మింగే మెర్కాప్టోప్యూరినూ. పిల్ల ఆడుతూ పాడుతూ ఉన్నా మింగించాల్సిన మాత్రలవి. మన దేశంలో ఎంతో మంది పిల్లలు పోవటానికి మందు లేకపోవటం కాక, మధ్యలో ఆపెయ్యటమే కారణం.

నిరుడు మా బ్రాంచికి షావుకారుపేటలో బంగారు పనిచేసే తెలుగాయన వచ్చి, ఫిక్సెడ్ డిపాజిట్ గడువుకు ముందే తియ్యాలన్నాడు. ఎందుకని అడిగాను.

"పిల్లకు బ్లడ్ కేన్సర్ సార్. ఇప్పుడు బాగానే ఉంది, బడికి పోతోంది. ఇంకా ఏడాదిన్నర మాత్రలంటున్నారు. బాగైపోయింది కదా, ఇంక ఆపేద్దామంటోంది మా అమ్మ. ఈ డబ్బుతో చేసిన అప్పు తీర్చేసి ఊరుకుందామని."

కుర్చీ వేయించి, గోలీలాడిన మా మిత్రుడి సంగతి చెప్పాను. డిపాజిట్ విరగ్గొట్టకుండా దాని మీదే అప్పు ఇప్పించాను. ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా కార్డు చూపించి ఆసుపత్రిలో అడగమన్నాను. డాక్టరు చెప్పేదాకా ఒక్క మాత్ర కూడా మానవద్దన్నాను. ఆ మాత్ర వెనక మనవాడొకడున్నాడని కూడా చెప్పాను. ఆయనకు ఆ పేరు తెలియదు. తలూపి, అప్పు కాగితం మీద సంతకం పెట్టాడు.

పోయిన నెల వడ్డీ కట్టడానికి వచ్చాడు. పిల్ల ఎలా ఉందన్నాను. "మాత్రలు నడుస్తున్నాయి సార్" అన్నాడు.