మెల్లగా పాడటానికే ఎక్కువ బలం కావాలి

దగ్గరికి జరగండి నాయనా. ఆ రెండు పుల్లలూ మంటలో వేయండి. ఇందాక భోజనాల దగ్గర మీలో ఒకరు అడిగారు కదా, "ఒపేరా అంటే అట్లా గొంతు చించుకోవడమేనా తాతయ్యా?" అని. అడిగినవాళ్ళ తప్పేం లేదు. ఇవాళ ఫోన్లో కనిపించేది అదే. 1990లో రోమ్‌లో, ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌కు ముందురోజు రాత్రి, పవరొట్టి, డొమింగో, కరేరస్ కలిసి పాడారు. అప్పట్నుంచీ లోకానికి టెనర్ అంటే, అదే మగ గొంతుల్లో పై స్థాయివాడంటే, ఆఖరి స్వరాన్ని ఆకాశానికెత్తి పట్టుకునేవాడే. ఆ ముగ్గురూ గొప్పవాళ్ళే, కాదనను. కానీ టెనర్ గొంతుకు ఇంకో విద్య ఉండేది. పై స్థాయికి వెళ్ళి, అక్కడ మెత్తగా, ఊపిరి మీద స్వరాన్ని నిలబెట్టే విద్య. ఇప్పుడది దాదాపు పోయింది. ఆ ముచ్చట చెప్తాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఒపేరాలో మైకు ఉండదు. మిలాన్‌లో లా స్కాలా నాటకశాలను 1778లో తెరిచారు. దాదాపు రెండు వేల మంది పడతారు. పాడేవాడికీ జనానికీ మధ్య పెద్ద వాద్యబృందం కూర్చుని ఉంటుంది. దాన్ని దాటుకుని, గాయకుడు గుసగుసలా పాడినా పై గ్యాలరీలో కూర్చున్నవాడికి మాట తెలియాలి.

అందుకే ఇటలీలో పాత గురువులు పాట చెప్పే ముందు ఏళ్ళ తరబడి ఊపిరి చెప్పేవాళ్ళు. వాళ్ళ సాధనలో అన్నిటికంటే ముఖ్యమైనది మెస్సా ది వోచే. ఒకే స్వరం, ఒకే అచ్చు, ఒకే ఊపిరి. వినపడీ వినపడనంత సన్నగా మొదలుపెట్టాలి, నిండు గొంతుదాకా పెంచాలి, మళ్ళీ అదే సన్నదనానికి తీసుకురావాలి. శ్రుతి కదలకూడదు, అచ్చు మారకూడదు, ఎక్కడా అతుకు వినపడకూడదు. కొందరు గురువులు శిష్యుడి పెదవుల ముందు కొవ్వొత్తి వెలిగించి పెట్టేవాళ్ళు. పాడుతుంటే మంట రెపరెపలాడిందా, ఊపిరి వృథా అవుతున్నట్టే. మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఇందులో కష్టం ఎక్కడుందో చెప్తాను. నిండా గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తులు వాటంతట అవే ముడుచుకోవాలని చూస్తాయి. గాలి ఒక్కసారిగా బయటికి తోసుకొస్తుంది. గట్టిగా పాడేవాడికి అది కలిసొస్తుంది. మెల్లగా పాడేవాడు దాన్ని నిలవరించాలి. పక్కటెముకలు విప్పారినవి విప్పారినట్టే ఉంచి, కింద ఉదరవితానం గబుక్కున పైకి లేవకుండా పట్టి, గాలిని పిసరు పిసరుగా వదలాలి. దీన్ని ఇటలీవాళ్ళు అప్పోజ్జో అన్నారు. గాలి కాస్త ఎక్కువైతే స్వరం పెద్దదైపోతుంది. తక్కువైతే శ్రుతి దిగజారుతుంది, లేదా చటుక్కున విరిగి దొంగగొంతులోకి జారుతుంది. ఈ రెంటి మధ్యా ఉన్న సన్నటి దారిలో నడవాలంటే ఒళ్ళంతా పనిచేయాలి. చూసేవాళ్ళకు మాత్రం ఆయాసమే కనపడకూడదు.

దొంగగొంతుకీ దీనికీ తేడా పట్టుకోవడం సులువే. ఊపిరి మీద నిలిచిన మెత్తని స్వరాన్ని గాయకుడు అక్కడికక్కడే నిండు గొంతుదాకా పెంచగలడు. దొంగగొంతు అట్లా పెరగదు, పెంచబోతే విరుగుతుంది. ఇంకో మాట. వాద్యబృందం బలమంతా చాలావరకు 500 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. బాగా సాధన చేసిన మగ గొంతులో 3000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు ఉంటుంది. అక్కడ వాద్యాల జోరు తక్కువ, మన చెవికి చురుకు ఎక్కువ. మెల్లగా పాడినా ఆ మెరుపు పోకుండా కాపాడుకున్నవాడి గొంతు హాలు చివరిదాకా పోతుంది. అదే లేకపోతే ఎంత అరిచినా వాద్యాల్లో కలిసిపోతుంది.

ఇక కథలోకి వద్దాం. రెండొందల ఏళ్ళ కిందట టెనర్లు పై స్వరాలను తేలిక గొంతుతోనే అందుకునేవాళ్ళు. ఇటలీలో బెర్గామో దగ్గరి రొమానో అనే ఊరివాడు, రూబిని అనే టెనర్ ఉండేవాడు. 1835లో పారిస్‌లో బెల్లీని అనే స్వరకర్త తన ఒపేరా 'ఇ ప్యూరితాని'ని ఆయన గొంతుకే కొలిచి రాశాడు. అందులో పై సి స్వరం దాటి, ఇంకా పైన ఎఫ్ దాకా వెళ్ళే చోటొకటుంది. ఛాతీ బలంతో ఎవరూ అక్కడికి పోలేరు.

అదే పారిస్‌లో ఒపేరాకు పెద్ద టెనర్ అడోల్ఫ్ నూరీ. 1829లో స్వరకర్త రొస్సీని రాసిన 'విలియం టెల్'లో ఆర్నోల్డ్ పాత్ర మొదట పాడింది ఆయనే. నటన, నాజూకు, మాటకు తగ్గ స్వరం, అన్నీ ఉన్న మనిషి. జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ సమయంలో ఇటలీనుంచి జిల్బెర్ దుప్రే అనే టెనర్ వచ్చాడు. పై సి స్వరాన్ని ఛాతీ గొంతుతో, పూర్తి బలంతో కొట్టేవాడు. తనతో సమానంగా ఇంకొకణ్ణి పెట్టుకున్నారని తెలిసి నూరీ తప్పుకున్నాడు. 1837 ఏప్రిల్ 1న ఆయన వీడ్కోలు పాట, అదే నెల 17న దుప్రే మొదటి పాట. అదే ఆర్నోల్డ్ పాత్ర. ఆ ఛాతీ సి వినగానే పారిస్ ఊగిపోయింది. రొస్సీనికి మాత్రం అది నచ్చలేదు. గొంతు కోస్తున్న కోడి అరుపులా ఉందని అన్నాడంటారు.

నూరీ ఏం చేశాడో వినండి. కొత్త పద్ధతి నేర్చుకుందామని ఇటలీ వెళ్ళి, నేపుల్స్‌లో స్వరకర్త డోనిజెట్టి దగ్గర చేరాడు. కొత్త బలం వచ్చిందో లేదో గానీ, పాత నాజూకు పోయింది. గొంతు బొంగురుపోయింది, మనసు కుంగిపోయింది. 1839 మార్చి 8న, తాను దిగిన మేడ పైనుంచి దూకి చనిపోయాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏడేళ్ళు. శవాన్ని పారిస్‌కు తీసుకెళ్తుంటే దారిలో మార్సెయ్‌లో ప్రార్థన జరిపారు. ఆ చర్చిలో ఆర్గన్ వాయించింది ఎవరనుకున్నారు? పియానో స్వరకర్త షోపాన్. దుప్రే కూడా ఆ బలాన్ని ఎక్కువకాలం మోయలేకపోయాడు. గొంతు తొందరగానే అరిగింది, 1849లో పారిస్ ఒపేరాను వదిలేశాడు. కానీ జనం చెవికి ఆ రుచి పట్టేసింది.

అయినా ఒపేరాలు రాసేవాళ్ళు మెత్తని స్వరం అడగడం మానలేదు. వెర్డీ రాసిన 'అయీదా' 1871 డిసెంబర్ 24న కైరోలో మొదట ఆడింది. తెర లేచిన కాసేపటికే, గొంతు ఇంకా వేడెక్కకముందే, రాదామేస్ అనే సేనాని తన ప్రియురాలిని తలుచుకుని పాడాలి. ఆ పాట చివర పై బి ఫ్లాట్ స్వరం ఉంది. దాన్ని అతి మెల్లగా, ఆరిపోతున్నట్టు పాడాలని వెర్డీ స్వయంగా రాసిపెట్టాడు. ఎందుకట్లా? అతను యుద్ధం గురించి పాడటం లేదు, కలగంటున్నాడు. కలను ఎవరూ కేక పెట్టి చెప్పరు. అయినా నూటికి తొంభై మంది టెనర్లు అక్కడ కేకే పెడతారు. మెత్తగా రానివాళ్ళకోసం వెర్డీయే ఇంకో దారి కూడా ఇచ్చాడు. పై స్వరాన్ని గట్టిగానే పాడి, ఆఖరి మాటల్ని కింది స్థాయిలో మెల్లగా మళ్ళీ చెప్పమన్నాడు. 1949లో టోస్కానీని అనే వాద్యబృంద నాయకుడు రేడియో కోసం 'అయీదా' నడిపించినప్పుడు టెనర్ రిచర్డ్ టక్కర్ చేత అట్లాగే పాడించాడు. ఇదొక్కటే కాదు, 1875లో బిజే రాసిన 'కార్మెన్'లో పువ్వు పాట చివరికి వచ్చే పై బి ఫ్లాట్ కూడా మెల్లగా పాడమని రాసిందే.

ఆ పాతవాళ్ళు ఎట్లా పాడారో కొంతైనా మనకు తెలుసంటే గ్రామఫోన్ పుణ్యమే. 1902 ఏప్రిల్‌లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన మిలాన్‌లో ఒక హోటల్ గదిలో కరూసో అనే టెనర్ చేత పది పాటలు పాడించి రికార్డు చేశాడు. ఇచ్చింది వంద పౌన్లు. అదే గైస్‌బర్గ్ ఆ ఏడాది నవంబర్‌కల్లా కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాట తీసుకున్నాడు. మన దేశపు తొలి రికార్డులు అట్లా పుట్టాయి. అప్పటి టెనర్ల రికార్డుల్లో ఫెర్నాందో దె లూచియాను వినండి, స్వరాన్ని పెంచి మళ్ళీ సన్నగా దించడం ఆయనకు మాట్లాడినంత సహజం. ఆ తర్వాత తీతో స్కీపా. లెచ్చే ఊరివాడు, 1888లో పుట్టాడు. గొంతు చిన్నది, పై స్థాయి కూడా అంతంతమాత్రమే. కానీ ఊపిరి మీద మాటను ఎట్లా పలకాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 1932లో చేసిన 'దోన్ పస్క్వాలే' రికార్డు ఉంది, వింటే మీకే తెలుస్తుంది. ఉన్న గొంతును ఎన్నడూ మించి ఖర్చు చేయలేదు కాబట్టి అరవై దాటాకా పాడగలిగాడు.

1949 చివర న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో జుసెప్పె ది స్తెఫానో అనే టెనర్ 'ఫౌస్ట్' ఒపేరా పాడాడు. పై సి స్వరాన్ని నిండుగా అందుకుని, అట్లాగే పట్టి ఉంచి, దారమంత సన్నగా చేసుకుంటూ వచ్చాడు. ఆ సంస్థ బాధ్యతలు తీసుకోబోతూ పని గమనించడానికి వచ్చిన రుడాల్ఫ్ బింగ్ ఆ స్వరం అందాన్ని బతికినన్నాళ్ళూ మరిచిపోలేనని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రోజుల్లో రేడియోలో ప్రసారమైన 'ఫౌస్ట్' రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. అదే ది స్తెఫానో తర్వాత బరువైన పాత్రలు నెత్తిన వేసుకుని గొంతు తొందరగా పోగొట్టుకున్నాడు.

మరి ఈ విద్య ఎందుకు పోయింది? నాటకశాలలు పెరిగాయి. 1966లో కట్టిన కొత్త మెట్రోపాలిటన్‌లో దాదాపు 3800 మంది పడతారు. వాద్యబృందాలు పెరిగాయి, శ్రుతి పెరిగింది. 1890లో 'కావల్లేరియా రుస్తికానా', 1892లో 'పల్యాచ్చి' అనే ఒపేరాలు వచ్చి, ఏడుపూ కోపమూ గొంతు చించుకుని చూపించే పద్ధతిని నాటాయి. ఇవన్నీ నిజమే. కానీ అసలు కారణం కుర్చీల్లో ఉంది. గట్టి స్వరానికి చప్పట్లు వెంటనే పడతాయి. మెత్తని స్వరం నేర్వడానికి పదేళ్ళు పడుతుంది, ఒక్కరోజు తప్పితే వెయ్యి మంది ముందు విరుగుతుంది. కడుపు నిండాల్సిన కుర్రవాడు దేన్ని ఎంచుకుంటాడు? మన పద్యనాటకాల్లోనూ అంతే కదా, భావం చెప్పినవాడికంటే రాగం లాగినవాడికే వన్స్ మోర్ పడేది.

పూర్తిగా చచ్చిపోయిందని మాత్రం అనను. కొరెల్లి అనే టెనర్, అంతటి పెద్ద గొంతువాడు, 1967 'అయీదా' రికార్డులో ఆ బి ఫ్లాట్‌ను సన్నగా దించి చూపించాడు. 2015 రికార్డులో జర్మనీ టెనర్ యోనాస్ కాఫ్‌మన్ కూడా వెర్డీ రాసినట్టే ముగించాడు. చేతకానిది కాదు, అడిగేవాళ్ళు తగ్గారు, అంతే.

అందుకని నా మాటగా ఇది గుర్తుపెట్టుకోండి. గట్టితనాన్ని చూసి బలమనుకోకండి. ఈసారి ఆ రాదామేస్ పాట విన్నప్పుడు చివరి స్వరం దాకా ఆగండి. పాడేవాడు మెల్లగా ముగించే ధైర్యం చేస్తే, స్వరం పూర్తిగా ఆగాక అందరికంటే ముందు మీరే చప్పట్లు కొట్టండి. ఏ విద్య బతకాలో తేల్చేది వినేవాళ్ళే నాయనా.