పూచీకత్తు నుండి రక్షణ ఉత్తర్వు దాకా: అనంతపురం సీమలో ఒక న్యాయభావన చరిత్ర

అనంతపురం జిల్లా పల్లెల్లో 'బైండోవర్' అన్న మాటకు ఎవరూ అర్థం అడగరు. ఎన్నికలు వచ్చినప్పుడు ముఠాకక్షలున్న గ్రామాల మనుషులను తహసీల్దారు ఎదుట నిలబెట్టి పూచీకత్తు రాయించుకోవడం ఆనవాయితీ. 'రక్షణ ఉత్తర్వు' మాత్రం ఇంకా కోర్టు కాగితాల మాటగానే మిగిలింది. ఈ రెండింటి చరిత్రను పోల్చి చూస్తే చట్టం ఏ కాలంలో ఎవరి శాంతిని లెక్కలోకి తీసుకున్నదో తెలుస్తుంది.

1882లో బళ్లారి నుండి విడివడి జిల్లా ఏర్పడేనాటికి కలెక్టరే జిల్లా మెజిస్ట్రేటు. శిస్తు వసూలు చేసే చేయీ, శాంతిభద్రతలు చూసే చేయీ ఒక్కటే. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 107వ సెక్షను ఈ ఏర్పాటుకు తగినట్టుగానే ఉంది. 1973 కోడు న్యాయ, కార్యనిర్వాహక మెజిస్ట్రేట్లను వేరు చేసినా, ఈ అధికారాన్ని కార్యనిర్వాహకులకే అప్పగించింది. పూచీకత్తు గడువు ఏడాదికి మించదు. అంతకన్నా ముఖ్యం, ఆ సెక్షను కాపాడేది ప్రజా ప్రశాంతతను. వీధిలో కత్తి దూసినవాడు దానికి సులువుగా చిక్కుతాడు. తలుపు మూసి భార్యను కొట్టేవాడు అంత సులువుగా చిక్కడు. పాత దస్తావేజుల్లోని ముచ్చలిక వలెనే పూచీకత్తు కూడా రాసిచ్చేవాడి మాట. అందులో బాధితురాలి పేరుకు చోటు లేదు.

1983లో వచ్చిన 498-ఎ సెక్షను హింసించిన భర్తను, అతని బంధువులను శిక్షించింది గాని, ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలో చెప్పలేదు. ఆ లోటును గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం, 2005 పూరించింది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన ఈ చట్టం కింద బాధితురాలు నేరుగా జ్యుడిషియల్ మెజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మొదటి వాయిదా సాధారణంగా మూడు రోజుల్లో పడాలి. ఆ వాయిదా నుండి అరవై రోజుల్లో దరఖాస్తును పరిష్కరించడానికి కోర్టు ప్రయత్నించాలి. ఆలోగా అఫిడవిట్ ఆధారంగా, అవతలి పక్షం లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. కొట్టరాదు, ఆమె పనిచేసే చోటికి పోరాదు, ఫోనులోనైనా పలకరించరాదు, స్త్రీధనం అమ్మరాదు అని ఉత్తర్వు శాసించగలదు. పూచీకత్తు ఏడాదితో చెల్లిపోతుంది. రక్షణ ఉత్తర్వు ఆమె తనంతట తాను రద్దు కోరేదాకా నిలుస్తుంది. ఈ ఒక్క తేడాలోనే రెండు చట్టాల చూపు బయటపడుతుందని నా అభిప్రాయం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ పీఠభూమిలో 27వ సెక్షనుకు ప్రత్యేక విలువ ఉంది. వేరుశనగ ఎండిన ఏట కుటుంబాలు బెంగళూరు కట్టడాల పనులకు వలసపోతాయి. స్త్రీ తాత్కాలికంగా ఉంటున్న చోటైనా, పనిచేస్తున్న చోటైనా అక్కడి కోర్టు దరఖాస్తు స్వీకరించాలి. బెంగళూరు నుండి కళ్యాణదుర్గంలోని పుట్టింటికి చేరిన స్త్రీ అక్కడే అడగవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. ఇల్లు మామ పేరున ఉందన్న వాదన కూడా 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుతో బలహీనపడింది. భర్తకు హక్కు లేని ఇల్లయినా ఉమ్మడి నివాసం కావచ్చని ఆ తీర్పు చెప్పింది. కొడుకుల పేరిట ఆస్తి పంపకం ఏళ్ల తరబడి వాయిదా పడే రైతు కుటుంబాలలో ఇది చిన్న విషయం కాదు.

ఉత్తర్వును ఉల్లంఘించడం వేరే నేరం: ఏడాది వరకు జైలు, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా. ఆమె ఒక్కతె సాక్ష్యంపైనే కోర్టు నిర్ణయానికి రావచ్చు. కాని అమలుకు తోడ్పడవలసిన రక్షణాధికారి బాధ్యత స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్ల మీద, ఉన్న పనులకు తోడుగా పడింది. 2022లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడేదాకా మడకశిర స్త్రీకి ఆ కార్యాలయం నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం.

2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 107 కాస్తా 126 అయింది. నిషేధాజ్ఞల 144 పోయి 163 అయింది. ఖాళీ అయిన 144 అంకె ఇప్పుడు భార్యాబిడ్డల మనోవర్తి సెక్షనుది. పల్లెల్లో మాత్రం నూటనలభైనాలుగు అంటే ఇప్పటికీ గుంపులు చేరరాదన్న దండోరాయే.