కంపైలర్ ఒప్పుకుంది, అక్క ఒప్పుకోలేదు

పాత తెలుగు పుస్తకాల్లో మొదట్లోనో చివర్లోనో "తప్పొప్పుల పట్టిక" అని ఒక పేజీ ఉంటుంది, చూశారా? విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుకెళ్తే నేను ముందు దాన్నే వెతుకుతాను. ఫలానా పేజీ, ఫలానా పంక్తిలో ఈ మాటకు బదులు ఆ మాట చదువుకోండి అని ఉంటుంది. సీసపు అక్షరాలు పేర్చి, ప్రూఫు తీసి, అక్కడే తప్పు పట్టుకుంటే అది మన భాషలో కంపైల్‌టైం ఎర్రర్. అచ్చయ్యాక దొరికితే రన్‌టైం ఎర్రర్. ఇక పాఠకుడే దిద్దుకోవాలి, వేరే దారి లేదు.

హెచ్‌టీఎంఎల్ రాయడం కూడా చాలా ఏళ్ళు ఈ రెండో పద్ధతిలోనే నడిచింది. 1991లో టిం బెర్నర్స్‌లీ బయటపెట్టిన మొదటి ట్యాగుల జాబితాలో ఉన్నవి 18 ఎలిమెంట్లు. జనం చేత్తోనే రాసుకునేవాళ్ళు. 1995లో పీహెచ్‌పీ వచ్చాక డేటాని తెచ్చి ట్యాగుల మధ్య అతికించడం తేలికైంది. 1999లో వచ్చిన జేఎస్‌పీ కంపైల్ అవుతుంది, నిజమే. కానీ ఆ కంపైలర్ చూసేది జావాని. ట్యాగులు దానికి ఉత్త స్ట్రింగులు. డివ్ మూయకపోయినా, హెచ్‌రెఫ్ స్పెల్లింగ్ తప్పినా దానికి పట్టదు. బ్రౌజరేమో మహా మంచిది, ఏ తప్పునైనా గుటుక్కున మింగేసి ఏదో ఒకటి చూపించేస్తుంది.

ట్యాగుల్ని భాష వ్యాకరణంలోకి తెచ్చే పని తర్వాత జరిగింది. 2010లో ఫేస్‌బుక్ పీహెచ్‌పీ కోసం ఎక్స్‌హెచ్‌పీ ఇచ్చింది. 2013లో రియాక్ట్‌తోపాటు జేఎస్ఎక్స్ వచ్చింది. రస్ట్ భాషలో మాడ్ అనే టెంప్లేటు భాష ఉంది. అందులో ఎలిమెంటు పేరు రాసి బ్రాకెట్లో లోపలి విషయం పెడతాం. మూసే ట్యాగు ఉండదు కాబట్టి మర్చిపోయే ప్రశ్నే లేదు. బ్రాకెట్ మూయకపోతే ప్రోగ్రామే తయారవ్వదు. ప్రూఫు దశలోనే తప్పు దొరికిపోతుందన్నమాట!

ఇంత నమ్మకంతోనే నేను ఒక పనికి దిగాను.

మా పెదనాన్న దివిసీమలో తెలుగు మాస్టారుగా చేశారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలాది మంది పోయారు కదా. ఆయన రిటైరయ్యాక ఊరూరూ సైకిల్ మీద తిరిగి, బతికినవాళ్ళు చెప్పిన మాటల్నీ, పోయినవాళ్ళ పేర్లనీ నోటుబుక్కుల్లో రాసుకున్నారు. 2002లో విజయవాడలో ఒక డీటీపీ షాపులో వాటిని వెబ్ పేజీలుగా టైపు చేయించి సీడీలో పెట్టించారు. నోటుబుక్కులు చెదలు తినేశాయి. మిగిలింది ఆ సీడీయే.

పోయిన నవంబరు 19కి వాటిని నెట్‌లో పెడదామనుకున్నాను. పాత పేజీలు చదివి కొత్త టెంప్లేట్లలో పోసే ప్రోగ్రాం రాశాను. పాత కోడ్ అంతా ఫాంట్ ఎలిమెంట్లే. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 నాడే ఫాంట్ వాడొద్దని చెప్పారు కదా, చెత్త అనుకుని అన్నీ పీకేశాను. కొత్త పేజీకి లాంగ్ అట్రిబ్యూటులో "తెలుగు" అని శుభ్రంగా రాశాను. కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు. మొదటి పేజీ తెరిచి చూశాను, బ్రహ్మాండంగా ఉంది (ఆ శీర్షికలు నేను కొత్తగా టైపు చేసినవి లెండి).

మర్నాడు నాగాయలంక నుంచి పెదనాన్న కూతురు, మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇందులో ఏవో ఇంగ్లీషు ముక్కలున్నాయేంట్రా? మా అత్తగారు పక్కనే కూర్చున్నారు, తమ్ముళ్ళ పేర్లు చదవమంటున్నారు. ఏం చదవను?"

ఆవిడ తమ్ముళ్ళిద్దరూ ఆ ఉప్పెనలో పోయారు.

ఏం జరిగిందో మీలో కొందరికి ఈపాటికి అర్థమై ఉంటుంది. 1991లోనే యూనీకోడులో తెలుగుకి 128 గడులు కేటాయించారు. కానీ మామూలు కంప్యూటర్లో యూనీకోడు తెలుగు కనపడటం మొదలైంది 2001లో విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఫాంటు వచ్చాకే. డీటీపీ షాపులు అప్పటికీ పాత ఫాంట్లే వాడేవి. వాటిలో ఉండేవి 256 గడులు. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గడిలో ఒక తలకట్టో, కొమ్మో, ఒత్తో కూర్చోబెట్టేవాళ్ళు. ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీది. ఈనాడు, వార్త సైట్లకీ సొంత ఫాంట్లుండేవి. అంటే ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. దాన్ని తెలుగుగా చదవడానికి తాళంచెవి ఫాంట్ ఎలిమెంటులోని ఫేస్ అట్రిబ్యూటు. నేను చెత్త అని పీకేసింది దాన్నే!

వెన్న నాగార్జున గారి "పద్మ" గుర్తుందా? పాత ఫాంట్ల సైట్లను యూనీకోడులోకి మార్చి చూపించిన ఫైర్‌ఫాక్స్ పొడిగింత. ఏ ఫాంటో తెలిస్తేనే ఏ పట్టికతో మార్చాలో తెలుస్తుంది. నేనూ సీడీ మళ్ళీ పెట్టి అదే దారి పట్టాను. శీర్షికలకి ఒక ఫాంటు, లోపలి పాఠానికి ఇంకొకటి వాడారు. కొన్నిచోట్ల ఫాంట్ ట్యాగు మూయనే లేదు, అది కింద పేరా మీదికి కూడా పాకింది. అది కూడా లెక్కలోకి తీసుకుంటేనే పేర్లు సరిగ్గా వచ్చాయి.

ఈసారి కోడ్‌లో పాత పాఠానికి ఒక టైపు, యూనీకోడు పాఠానికి వేరే టైపు పెట్టాను. టెంప్లేటు రెండోదాన్నే తీసుకుంటుంది. మార్చకుండా పాత పాఠం ఇస్తే కంపైల్ కాదు. తెలియని ఫాంటు తగిలితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది.

కంపైల్‌టైం టెంప్లేట్లు వద్దని కాదు నేననేది, నేను ఇప్పటికీ అవే వాడతాను. ఎలిమెంటు మూశామా, కోట్స్ సరిపోయాయా అన్నది కంపైలర్ చూస్తుంది. టైప్‌స్క్రిప్ట్‌తో జేఎస్ఎక్స్ రాస్తే అట్రిబ్యూటు పేరు తప్పినా పట్టుకుంటుంది. కానీ ఆ అట్రిబ్యూటు చెప్పేది నిజమా కాదా అన్నది మాత్రం దానికి తెలియదు. పిచ్చి అక్షరాల మీద "ఇది తెలుగు" అని రాసింది నేను. బ్రౌజరూ నమ్మింది, కంపైలరూ నమ్మింది. నమ్మనిది అక్క ఒక్కతే.

అందుకే మార్చిన పేర్లన్నీ నాలుగు ఆదివారాలు అక్కకి ఫోన్లో చదివి వినిపించాను. వాళ్ళ అత్తగారు పక్కన కూర్చుని "ఆ ఇంటిపేరు అది కాదు" అంటూ దిద్దారు. తమ్ముళ్ళ పేర్లు వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. "సరిగ్గానే ఉన్నాయట" అని అక్కే చెప్పింది.

ఇంకా తేలని పేర్లు కొన్ని ఉన్నాయి. వాటి కోసం సైటు చివర ఒక తప్పొప్పుల పట్టిక పెట్టాను. మీ ఇంట్లో కూడా అప్పటి డీటీపీ సీడీలేమైనా ఉంటే ఒకసారి బయటికి తీయండి. శుభ్రం చేసే ముందు ఫాంట్ పేరు రాసిపెట్టుకోండి.