కరెంటు కత్తికి చర్మం ఎందుకు అప్పగించలేదు

పొట్ట ఆపరేషన్లలో చాలాకాలం ఒక ఆచారం నడిచింది. చర్మాన్ని స్కాల్పెల్‌తో కోసేవారు. ఆ బ్లేడు చర్మం మీది క్రిములను లోపలికి మోసుకుపోతుందని దాన్ని పక్కన పెట్టేసి, లోపలి పొరలకు ఇంకో కత్తి అందుకునేవారు. డయాథర్మీ, అంటే కరెంటు కత్తి, వచ్చాక దానికి కొవ్వును, కండరాన్ని, రక్తనాళాలను అప్పగించారు గాని చర్మాన్ని అప్పగించలేదు. దీన్ని వట్టి ఛాందసమని కొట్టిపారేయడం తేలికే. నా దృష్టిలో ఆ భయానికి కారణాలున్నాయి. అయితే ఏ మత్తుమందును, ఏ యంత్రాన్ని చూసి అది పుట్టిందో అవి కనుమరుగయ్యాక కూడా భయం మిగిలిపోయింది.

నిప్పుతో నెత్తురు ఆపడం పాత విద్యే. సుశ్రుత సంహితలో అగ్నికర్మకు ఒక అధ్యాయమే ఉంది. రక్తస్రావాన్ని ఆపే నాలుగు ఉపాయాల్లో కాల్చడం చివరిది. అప్పట్లో కోసే పనిముట్టు వేరు, కాల్చే పనిముట్టు వేరు. రెండు పనులూ ఒకే మొన చేయాలంటే విద్యుత్తు రావలసి వచ్చింది. సెకనుకు పదివేల సార్లకు మించి ఊగే కరెంటు ఒంట్లోంచి పోయినా కండరాలు కొంకర్లు పోవని 1891 ప్రాంతంలో ఫ్రాన్సులో దార్సోన్వాల్ అనే శాస్త్రవేత్త చూపాడు. 1926 అక్టోబరు 1న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో సర్జన్ హార్వే కుషింగ్ ఒక పుర్రె కణితిని, అలాంటి కరెంటుతో పనిచేసేలా విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో తీశాడు. నెత్తురు ఆగక మూడు రోజుల ముందు సగంలో వదిలేసిన కణితి అది. అంటే ఈ యంత్రానికి పేరు తెచ్చింది కోత కాదు, నెత్తురు కట్టడం.

ఆనాటి మత్తుమందులు ఈథర్, ఆ తర్వాత సైక్లోప్రొపేన్. మొదటిది అంటుకుంటుంది, రెండోది పేలుతుంది. అలాంటి గదిలో నిప్పురవ్వ రాల్చే పరికరాన్ని అవసరం లేనిచోట వాడకపోవడం వివేకమే. పైగా రవ్వలతో కరెంటు పుట్టించే పాత స్పార్క్‌గ్యాప్ యంత్రాల కరెంటు కోసినచోటల్లా మాడ్చేది, మాడిన కణజాలం చీముకు ఆశ్రయమిస్తుంది. మంటలేని హాలోథేన్ 1956లో వాడుకలోకి రావడంతో మొదటి కారణం బలహీనపడింది. ట్రాన్సిస్టర్ యంత్రాలు ఎడతెగని, సన్నని కరెంటును ఇచ్చాయి. ఆ కరెంటుకు కణంలోని నీరు తటాలున ఆవిరై కణం పగులుతుంది, పక్కనున్నది పెద్దగా మాడదు. రెండో కారణమూ అలా సడలింది.

అయినా చీము మాటను తీసిపారేయలేం. 1973లో కెనడాలో క్రూజ్, ఫోర్డ్ 23,649 గాయాలను పరిశీలించి, కరెంటు కత్తి వాడినచోట ఇన్ఫెక్షన్లు ఎక్కువన్నారు. సంఖ్య పెద్దదే. కాని ఏ రోగికి ఏ పనిముట్టు వాడాలో అక్కడ చీటీ వేసి తేల్చలేదు. నెత్తురు ఎక్కువ కారే కష్టమైన కేసుల్లోనే సర్జన్ కరెంటు కత్తి అందుకుని ఉంటే నేరం ఎవరిది? ఆ చిక్కు లేకుండా చీటీ పద్ధతిలో జరిగిన పరీక్షలను 2017లో కోక్రేన్ సంస్థ సమీక్ష కూడగట్టింది. 16 అధ్యయనాలు, 2,769 మంది. ఇన్ఫెక్షన్ డయాథర్మీ వైపు 7.7 శాతం, స్కాల్పెల్ వైపు 7.4 శాతం.

ఇంత చిన్న తేడాను చూసి రెండూ సమానమేనని తీర్పు చెప్పవచ్చా అని అడగవచ్చు. అడగాలి కూడా, ఆ సాక్ష్యం నాణ్యత తక్కువదని సమీక్షకులే ఒప్పుకున్నారు. చిన్నపాటి హాని ఈ లెక్కల్లో దాగి ఉండవచ్చు. నేను అనేది అంతకంటే చిన్నమాట: చర్మానికి స్కాల్పెలే వాడి తీరాలన్న నియమానికి ఆధారం చూపాల్సిన బాధ్యత ఇప్పుడు ఆ నియమాన్ని పట్టుకున్నవారిదే. డయాథర్మీ మీద నేటికీ నిలబడే అభ్యంతరం ఒకటుంది, పొగ. అది రోగి గాయాన్ని కాదు, రోజూ ఆ బల్ల పక్కన నిలబడే సర్జన్‌ను, నర్సును, మత్తు డాక్టరును తాకుతుంది. ఇన్నేళ్ల వాదమూ రోగి గాయం చుట్టూనే తిరిగింది.